తోడు గిన్నె

ఇందుశేఖర్‌కు వచ్చిన కష్టమల్లా ఒక్కటే. పని తెలుసు, తాళం లేదు.

తాళమంటే ఇనుప తాళం కాదు. అతను పనిచేసే పాల సంఘానికి నాలుగువందల పన్నెండు పల్లెల్లో పాల కేంద్రాలున్నాయి. ఒక్కో కేంద్రంలో ఒక్కో వైర్‌లెస్ పెట్టె. పాలు దాని మీద పెడితే తూకం చూస్తుంది, నాలుగు చుక్కలు తాగి వెన్న ఎంత ఉందో చెబుతుంది, ఆ సంగతి గాల్లోనే ఆఫీసుకు పంపుతుంది. పెట్టె లోపలి ప్రోగ్రాము మార్చాలంటే పల్లెపల్లెకూ తిరగక్కర్లేదు. క్లౌడుకు, అంటే ఎక్కడో దూరాన ఉండే కంప్యూటర్లకు, ఒక అర్జీ పంపితే చాలు. ఏ పెట్టెకు, ఏ ప్రోగ్రాము, ఎన్ని గంటలకు, పాత ప్రోగ్రాము ఉంచాలా తుడిచెయ్యాలా అని నాలుగు గళ్ళు నింపితే, చెప్పిన వేళకు కొత్తది గాల్లో వెళ్ళి పెట్టెలో దిగుతుంది. అయితే అర్జీ చివర నలభై అక్షరాల రహస్య సంకేతం ఒకటి కొట్టాలి. అది లేకపోతే క్లౌడు మొహం కూడా చూడదు.

ఆ నలభై అక్షరాలూ ఒక చీటీ మీద ఉన్నాయి. చీటీ మునిరత్నం గారి కళ్ళజోడు డబ్బాలో ఉంది.

మునిరత్నం గారు రేడియోలు బాగుచేసే రోజుల నుంచి ఈ విద్యలో ఉన్నవారు. ఆఫీసులో డైరెక్టరు మొదలు డ్రైవరు దాకా అందరూ ఆయన్ను గురువుగారనే పిలుస్తారు. ఆయన పాఠం చెప్పగా విన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఇందుశేఖర్ ఆయన దగ్గర చేరి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో పెట్టెల మీద దుమ్ము తుడవడం, స్క్రూలు పోగొట్టకుండా ఉండటం, అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పడం నేర్చుకున్నాడు. మూడోది ఇంకా సరిగా పట్టుబడలేదు.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. చలికి పెట్టెలు తడబడి వెన్న తక్కువ చూపించసాగాయి. పల్లెల్లో రైతులు గొడవ పెట్టుకుంటున్నారు. గేదెను నమ్మాలా, పెట్టెను నమ్మాలా అని ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చి మరీ అడిగిపోయాడు. ఇందుశేఖర్ మూడు వారాలు కూర్చుని తప్పు పట్టుకున్నాడు, ప్రోగ్రాము దిద్దాడు. బల్ల మీద పెట్టెలో పెట్టి చూస్తే ముత్యంలా పనిచేసింది. ఇక ఆగుతాడా!

"గురువుగారూ, అంతా సిద్ధం. ఒకే ఒక్క అర్జీ. నాలుగువందల పన్నెండు పెట్టెలూ ఒకేసారి మారిపోతాయి. పాత ప్రోగ్రాము తుడిచేయమన్నాను, పెట్టెలో చోటు కలిసొస్తుంది. మీరు చీటీ ఇస్తే చాలు."

మునిరత్నం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డబ్బా మాత్రం తెరవలేదు.

"వంటామె రాజమ్మ రెండు దినాలు ఊరికి పోతా ఉండాది. రేపు మధ్యాహ్నానికి ఆఫీసుకు పెరుగు నువ్వు తోడెయ్యి."

ఇందుశేఖర్ తను విన్నది నిజమేనా అనుకున్నాడు. "పెరుగా?"

"ఇరవైమందికి చాలాల."

క్లౌడును ఆడించే చేతులతో పాలు కాచమంటే ఎవరికి మాత్రం మండదు? అయినా గురువు మాట. సాయంత్రం వంటగదిలోకి వెళ్ళాడు. పాల సంఘం కాబట్టి పాలకు కొదవలేదు. పెద్ద గుండిగ నిండా పోసి కాచాడు. అలమారలో పెరుగు గిన్నె కనిపించింది. తోడుకు చెంచాడు చాలని ఎవరో అనగా విన్నాడు గానీ, చెంచాడుకే తోడుకుంటే గిన్నెడుకు ఇంకా బాగా తోడుకోదా అనుకున్నాడు. చదువుకున్నవాడి లెక్క అది. పాలు పొగలు కక్కుతుండగానే గిన్నెడు పెరుగూ గుమ్మరించాడు. ఖాళీ గిన్నెను శుభ్రంగా కడిగి బోర్లించాడు కూడా. మూత పెట్టి, తోడుకుంటుందో లేదోనని గంటలో నాలుగుసార్లు తీసి చూసి, గుండిగను అటూ ఇటూ ఊపి, ఇంటికి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. పప్పు అయింది, పులుసు అయింది. డ్రైవరు కుప్పస్వామి చారు అన్నం కూడా ముగించి, కంచంలో చివరి ముద్ద అన్నం గుట్టగా పెట్టుకుని, మధ్యలో గుంట చేసి ఎదురుచూస్తున్నాడు. ఇందుశేఖర్ గరిటె ముంచి వేశాడు. వేసింది గుంటలో నిలవలేదు. కంచమంతా పారింది.

కుప్పస్వామి దాన్ని చాలాసేపు చూశాడు. "ఏం సార్, ఇది పెరుగా, పెరుగయ్యేదానికి అప్లికేషన్ పెట్టుకున్న పాలా?"

నవ్వులు పైకప్పును తాకాయి. నవ్విన తర్వాత అందరికీ ఏడుపొచ్చింది. ఆ సీమలో పెరుగన్నం తినకుండా లేచినవాడు భోంచేసినట్టు కాదు. పద్దులు చూసే వనజాక్షి గారు చెయ్యి కడుక్కోవడానికి లేవకుండా అలాగే కూర్చుండిపోయారు, ఎవరో వచ్చి న్యాయం చేస్తారన్నట్టు. మునిరత్నం గారు కంచం పక్కకు జరిపారు. నీళ్ళు తాగి లేచారు. తిట్టినా బాగుండేదని ఇందుశేఖర్‌కు అనిపించింది.

అప్పటికి దేశమ్మ వరండాలో కూర్చుని ఉంది. కొత్తిండ్లపల్లె పాల కేంద్రం నడిపేది ఆమే. పెట్టె తీగ తెగిందని పట్టుకొచ్చింది. నవ్వులు విని వంటగది గుమ్మంలోకి వచ్చి, గుండిగలో చిటికెనవేలు ముంచి, నాలుక మీద రాసుకుంది.

"మరిగే పాలల్లో ఏసినావా నాయనా? తోడు చచ్చిపోతాది గదా. సరే, మళ్ళీ తోడెయ్యి. పాత పెరుగు యాడ పెట్టినావు?"

"అంతా దీంట్లోనే వేసేశాను."

"అంతానా?"

"గిన్నె కడిగేశాను కూడా."

దేశమ్మ నుదురు కొట్టుకుంది. "పాతది చెంచాడన్నా తీసిపెట్టుకోకుండా కొత్తది ఏస్తారా ఎవురన్నా? కొత్తది చెడితే దేంతో మొదలుపెడతావు? అదీ ఒకే గుండిగలో! చిన్న గిన్నెలో ఏసి చూసుకోవద్దా? మీ ఇంట్లో ఆడోళ్ళు లేరా, మగోళ్ళు లేరా, చెప్పేవాళ్ళే లేరా?"

ఆమె తన సద్ది క్యారియరు తెరిచి, పెరుగన్నం మీద తేరిన పెరుగు చెంచాడు తీసి గ్లాసులో వేసి అతని చేతిలో పెట్టింది. వేలు పెడితే కాలకూడదు, చల్లగానూ ఉండకూడదు అని చెప్పింది. ఏసినాక కదిలించినావో చూడు అని బెదిరించింది కూడా.

ఇందుశేఖర్ గోరువెచ్చని పాలు చిన్న గిన్నెలో పోసి, చెంచాడు తోడు వేసి, మూత పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. తెరిచి చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. చూడలేదు. అలా నిలబడి ఉండగానే అతని బుర్రలో ఏదో కదిలింది. సరాసరి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

సాయంత్రానికి అర్జీ మారింది. మొదటి గడిలో నాలుగువందల పన్నెండు పోయి ఒకటి వచ్చింది. ఆ ఒకటి కొత్తిండ్లపల్లె. తీగ అతికించి పెట్టె తిరిగి ఇస్తూ దేశమ్మతో చెబితే, "కానియ్యి" అని ఆమే ఒప్పుకుంది. చివరి గడిలో 'తుడిచెయ్యి' పోయి 'ఉంచు' వచ్చింది. వేళ గడిని మాత్రం అతను ముట్టుకోలేదు. దాన్లో తప్పేముంది? రాత్రి పదకొండున్నర అని ఇరవైనాలుగు గంటల లెక్కలో శుద్ధంగా రాశాడు, 23:30 అని.

మునిరత్నం గారు డబ్బా తెరిచి చీటీ తీశారు. చీటీ అతనికివ్వలేదు. తనే రెండు వేళ్ళతో నలభై అక్షరాలూ ఒక్కొక్కటిగా కొట్టారు. చివరి మీట నొక్కబోతూ ఆగారు.

"పదకొండున్నరకా?"

"అవును గురువుగారూ. ఊరంతా పడుకునే వేళ. ఆలోచించే పెట్టాను."

"ఎవురి ఊరు?"

ఇందుశేఖర్‌కు నవ్వొచ్చింది. పెద్దవాళ్ళు అప్పుడప్పుడూ ఇలాగే అడుగుతారు. "అందరి ఊరూనండీ."

"ఊఁ" అని మునిరత్నం గారు మీట నొక్కారు. తర్వాత వరండాలోకి వెళ్ళి, బయలుదేరబోతున్న దేశమ్మతో ఏదో మాట్లాడారు. అతను పట్టించుకోలేదు.

తెల్లవారి ఐదు దాటి మూడు నిమిషాలకు ఇందుశేఖర్ ఫోను మోగింది.

"నాయనా, నీ పెట్టె పలకడం లే. ఎర్రలైటు ఆరిపి ఆరిపి వెలిగిస్తా ఉండాది. ఈడ నలభైమంది చెంబులు పట్టుకోని నిలబడుండారు."

అతను లేచి కూర్చున్నాడు. "అదెలాగమ్మా? రాత్రి పదకొండున్నరకే అయిపోవాలి కదా!"

"రేతిరి బాగనే నిద్రపోయింది. సరిగ్గా పాలేళకు లేసి మారాం చేస్తా ఉండాది."

"ప్లగ్గు పీకకండి! పన్నెండు నిమిషాలు పడుతుంది. దాన్ని ముట్టుకోకండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

"తోడేసిన గిన్నెను నేనెందుకు కదిలిస్తాను?" అంది దేశమ్మ. "కంగారుపడబాక. పాత లీటరు కొలత, శాంపిలు సీసాలు బయటపెట్టుకోనుండా. వాటితోనే పట్టుకుంటా ఉండా."

"అవి బయటికెందుకు తీశారు?"

"మునిరత్నం సారు నిన్న చెప్పినాడు గదా."

ఇందుశేఖర్ ఫోను మంచం మీద పడేశాడు. తర్వాత కంప్యూటరు తెరిచి, క్లౌడు వాళ్ళ నియమాల పుస్తకం మొదటి నుంచి చదివాడు. ఇంతకుముందు మధ్యలో నుంచి చదివాడు మరి. అందులో చిన్న అక్షరాల్లో ఉంది, ఈ అర్జీలో రాసే గంటలన్నీ ప్రపంచమంతటికీ ఉమ్మడి గడియారం ప్రకారమేనని. ఆ గడియారం మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి పదకొండున్నరైతే ఇక్కడ తెల్లవారి ఐదు. రోజంతా వెతికినా అంతకన్నా చెడ్డ ముహూర్తం దొరకదు. నాలుగువందల పన్నెండు పల్లెల్లో పాల కేంద్రం తలుపు తెరిచే నిమిషమది.

మంచం మీద కూర్చుని, తన మొదటి అర్జీయే పోయి ఉంటే ఏమయ్యేదో లెక్క వేశాడు. పల్లెకు నలభైమంది. పదహారువేల పైచిలుకు చెంబులు. వాటి వెనక పదహారువేల నోళ్ళు. నాలుగువందల పదకొండు కేంద్రాల్లో పాత కొలతలు అటకల మీద ఉన్నాయి. సిగ్గేసింది. 'అందరి ఊరూనండీ' అన్న మాట గుర్తొచ్చి దుప్పట్లో మొహం దాచుకున్నాడు.

ఆఫీసుకు వెళ్ళేసరికి మునిరత్నం గారు ఏదో పెట్టెకు టంకం పెడుతున్నారు. తల ఎత్తలేదు.

"లేసిందా?"

"లేచింది గురువుగారూ. వెన్న సరిగ్గా చూపిస్తోందట."

"దేశమ్మ తిట్టిందా?"

"ఫోను పెట్టేముందు తిట్టింది."

"మంచిది" అని మునిరత్నం గారు టంకం మీద ఊదారు.

ఆ రోజు నుంచి ఇందుశేఖర్ ఒక్క పెట్టె నుంచి పది పెట్టెలకు, పది నుంచి వందకు పోయాడు. వేళ గడిలో 18:00 అని రాసి, పక్కనే కాగితం మీద 'మన ఊరి పదకొండున్నర' అని రాసుకున్నాడు. పంపేముందు ప్రతి కేంద్రానికీ కబురు చేశాడు, పాత కొలత దించి పెట్టుకోమని. ప్రతిసారీ మునిరత్నం గారు వచ్చి చీటీ తీసి, రెండు వేళ్ళతో కొట్టి, చీటీని డబ్బాలో పెట్టేసుకుని వెళ్ళారు. తొమ్మిది రోజులు పట్టింది. రెండే రెండు పెట్టెలు కొత్తదాన్ని ఒప్పుకోక కక్కేశాయి. కక్కేసి, లోపల ఉంచిన పాత ప్రోగ్రాముతోనే లేచి కూర్చున్నాయి. ఆ పూట ఆ రెండు పల్లెల్లో ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం ఎంత గొప్ప సంగతో అతనికి ఆ రోజే తెలిసింది.

పదో రోజు రాజమ్మ మళ్ళీ ఏదో పెళ్ళికి పోయింది. అడగకుండానే ఇందుశేఖర్ పెరుగు తోడేశాడు. మధ్యాహ్నం గుండిగ మూత తీస్తే గరిటె నిలబడేలా ఉంది. కుప్పస్వామి అన్నంలో గుంట తీసుకుని, అనుమానంగా చూస్తున్నాడు.

ఇందుశేఖర్ వడ్డించలేదు. ముందుగా ఒక చిన్న గిన్నె తెచ్చుకున్నాడు. చెంచాడు పెరుగు అందులోకి తీసి, మూత పెట్టి, అలమారలో జాగ్రత్తగా పెట్టాడు. ఆ తర్వాతే గరిటె పట్టుకున్నాడు.

"ఏం సార్, మాకు ఎయ్యకముందే దాపెట్టుకుంటా ఉండారే!" అన్నాడు కుప్పస్వామి. అందరూ నవ్వారు.

మునిరత్నం గారు నవ్వలేదు. తన పక్కనే ఉన్న అలమారలోని గిన్నె వైపు చూశారు. ఎడమచేత్తో జేబులోంచి కళ్ళజోడు డబ్బా తీసి, చీటీ బయటికి లాగి, కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి ఆ గిన్నె కింద పెట్టారు. ఖాళీ డబ్బా జేబులో వేసుకున్నారు. ఇందుశేఖర్ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆయన కంచం ముందుకు జరిపారు.

"చూస్తావేంరా? ఇంకో గరిటె ఎయ్యి."