విప్పి కొలిచిన బలం

“సోమవారం పది గంటలకు లేబర్ ఆఫీసుకు వస్త. గొలుసు అరిగిందని మొగిలన్న ముందే చెప్పిండని నేనే సాక్ష్యం చెప్త. నా బిడ్డ మీద ఒట్టు.”

మా అన్నతో ఫ్యాక్టరీలో పనిచేసిన ఎల్లేశం మా వదిన ముందు చెప్పిన మాటలివి. సోమవారం పది దాటింది. పన్నెండు దాటింది. ఎల్లేశం రాలేదు.

పోయిన జూన్‌లో ఫ్యాక్టరీలో బరువులెత్తే గొలుసు తెగి మా అన్న మొగిలయ్య చనిపోయాడు. ‘సొంత అజాగ్రత్త’ అని కంపెనీవాళ్లు రాసుకున్నారు. ఆ రెండు మాటలు కొట్టివేయించగలవాడు ఒక్కడే. వాడు రాలేదు.

మంగళవారం పొద్దున్నే ఎర్ర అక్షరాలతో పోస్టరు రాసుకుని షెడ్డుకు వెళ్లాను. “మౌనం కూడా హత్యే! ద్రోహి ఎల్లేశం!” సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు ఫ్యాక్టరీ గేటుకు అంటించాలి.

జలీల్ ఉస్తాద్ దగ్గర మూడేళ్లుగా ఇంజన్ల పని నేర్చుకుంటున్నాను. హైదరాబాదులో పాత అమెరికన్ కారు ఎవరి దగ్గరున్నా చివరికి ఆయన షెడ్డుకే వస్తుంది. పోస్టరు ఆయనకు చదివి వినిపించాను.

“ఎందుకు రాలేదంట?” అని అడిగాడు.

“వాని తమ్ముడు కూడ ఆ ఫ్యాక్టరీల్నేనంట. ఉండేది కంపెనీ క్వార్టర్లనంట. బిడ్డకు ఫిట్స్, మందులు కంపెనీ దవాఖానవేనంట. అన్నీ సాకులు ఉస్తాద్! భయపడేటోడు బానిస!”

ఆయన మూలనున్న ఇంజన్ల వైపు చెయ్యి చూపాడు. ఆ రోజు రెండు ఇంజన్లు వచ్చి ఉన్నాయి. ఒకే కంపెనీవి, ఒకే సైజువి. పుస్తకంలో 1970 నాటిదానికి మూడు వందల డెబ్బై గుర్రాల బలం అని ఉంది. 1972 నాటిదానికి రెండు వందల యాభై.

“రెండేండ్లల్ల నూట ఇరవై గుర్రాలు పోయినయ్. ఇదొక ఎల్లేశం” అన్నాను.

“డైనోకు ఎక్కియ్” అన్నాడు.

ఇంజన్ బలం కొలిచే యంత్రం అది. కారులో ఎలా ఉంటాయో అలాగే అన్నీ బిగించి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పాం. కొత్తది రెండు వందల నలభై ఆరు చూపించింది. పాతది రెండు వందల అరవై ఎనిమిది.

“మరి మూడు వందల డెబ్బై ఏది?”

ఉస్తాద్ ఇంజన్ చల్లారేదాకా ఆగి స్పానర్ తీసుకున్నాడు. పాత ఇంజన్‌కున్న ఫ్యాను విప్పి నా చేతుల్లో పెట్టాడు. దాని మీద ఆల్టర్నేటర్. దాని మీద ఎయిర్ ఫిల్టర్ డబ్బా. సైలెన్సర్ గొట్టం నా మోచేతుల మీద అడ్డంగా పెట్టి, మళ్లీ తిప్పాడు.

షెడ్డు రేకులు అదిరాయి. ముల్లు మూడు వందల అరవై దాటింది.

“అప్పట్ల గిట్ల విప్పి కొలిచేటోళ్లు” అన్నాడు ఇంజన్ ఆపి. “డెబ్బై రెండు నుంచి బిగించి కొలిచిండ్రు.”

గొట్టం అంచు మోచేతిలోకి దిగబడుతోంది.

“ఇప్పుడు చెప్పు బేటా. ఎల్లేశం సంగతి.”

డబ్బా జారబోతే గడ్డంతో ఆపుకున్నాను.

“దించనా ఉస్తాద్?”

“దించితే బండి రోడ్డెక్కదు” అన్నాడు. ఒక్కొక్కటే నా చేతుల్లోంచి తీసుకుని మళ్లీ బిగించసాగాడు.

సాయంత్రం గేటు దగ్గర షిఫ్టు వదిలారు. ఎల్లేశం సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. హ్యాండిలుకు దవాఖాన మందుల సంచి వేలాడుతోంది. నన్ను, నా చేతిలోని పోస్టరును చూసి అక్కడే ఆగిపోయాడు. తల వంచుకున్నాడు.

నేను ఎర్ర అక్షరాల మీద మైదా జిగురు పులిమాను. ఆ వైపు గేటుకు అతికించి అరచేత్తో గట్టిగా నొక్కాను. పైకి కనిపించే వైపు షెడ్డులో కూర్చుని రాసింది ఇది:

“యజమాని గారూ, గొలుసు అరిగిందని మా అన్న మొగిలయ్య చెప్పిన రోజు మీరేం చేశారు? ఆయన సంవత్సరీకం నాటికి జవాబు కావాలి. జూన్ 14.”