డేగ చేపకు చోటిప్పించిన రేవమ్మ

కాకినాడలో ఒక పళ్ల డాక్టరమ్మ ఆసుపత్రి ముందుగదిలో గోడంత పొడుగు అద్దాల తొట్టె ఉండేది. అందులో ఉప్పునీళ్లు, అడుగున తెల్లటి ఇసుక, మధ్యలో పగడాలు పెరిగిన బండరాయి. పన్ను నొప్పితో వచ్చినవాళ్లు దవడ పట్టుకుని ఆ తొట్టెకేసి చూస్తూ కూర్చునేవారు. లోపలున్నవాళ్ల కష్టాలు వాళ్లకేం తెలుసు?

ఆ ఇసుకలో రేవమ్మ అనే చిన్న చేప, తవిటయ్య అనే ముసలి రొయ్య ఒకే బొరియలో ఉండేవారు. తవిటయ్యకు చూపు దాదాపు లేదు, కానీ తవ్వడంలో ఆయనకు సాటిలేరు. రేవమ్మకు తవ్వడం చేతకాదు, కానీ కళ్లు చురుకు. అందుకని ఆయన ఇల్లు తవ్వేవాడు, ఈమె కాపలా కాసేది. బయటికొచ్చినప్పుడల్లా తవిటయ్య తన పొడుగాటి మీసం ఒకటి ఆమె తోకమీద ఆనించి ఉంచేవాడు. ఆపద కనబడితే రేవమ్మ తోక ఆడించేది, ఆయన చటుక్కున లోపలికి దూరేవాడు. సముద్రంలో ఇలాంటి జంటలు నిజంగానే ఉంటాయి, నేను కల్పించి చెప్పడం లేదు.

వాళ్లకున్న బాధల్లా నీలాలు అనే నీలి చేపతోనే. బండరాయి మొత్తం తనదేనని దాని పట్టుదల. రోజుకు నాలుగుసార్లు కిందికి దిగి, తోకతో ఇసుక ఎగజిమ్మి బొరియ పూడ్చేసేది.

"ఏమే రేవా, నా రాయి పక్కన నీకు మేడలెందుకే?" అనేది.

తవిటయ్య మళ్లీ తవ్వుకునేవాడు. ఈ మధ్య నాలుగు గోళ్ల ఇసుక మోసేసరికే ఆయాసం వస్తోంది. వినబడకూడదని ఆయన లోపలికెళ్లి ఆయాసపడేవాడు. రేవమ్మకు వినబడేది.

ఒకరోజు డాక్టరమ్మ కొత్త చేపను తెచ్చింది. ఆవిడకో పద్ధతి ఉంది. కొత్తవాళ్లను తిన్నగా వదలదు. చిల్లులున్న అద్దం లాంటి పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను మూడు రోజులు తొట్టెలోనే వేలాడదీస్తుంది. పాతవాళ్లు పెట్టె మీదికి దూకారా, కొత్త చేప దుకాణానికి తిరిగి వెళ్లిపోతుంది. దూకకపోతే పొత్తు కుదిరినట్టే. మంచి పద్ధతే, కాదనను. కానీ రోజంతా మనుషుల చేత నోళ్లు తెరిపించి చూసే ఆవిడ, ఈ చేప నోరు మాత్రం చూడలేదు.

వాడి పేరు ఎర్రయ్య. డేగలా ఎత్తున కూర్చుని చూసే డేగ చేపల జాతి. ఒళ్లంతా ఎర్రటి మచ్చలు, మాట తేనె.

నీలాలు అప్పుడే పెట్టెను ఢీకొట్టడం మొదలెట్టింది. "పోరా, పో! రాయెక్కి ఇసుకకేసి చూసే మొహం నువ్వూనూ!"

రేవమ్మ మాత్రం దగ్గరకెళ్లి, "ఏం బాబూ, నువ్వెలాంటివాడివి?" అని అడిగింది.

"నాదేముందక్కా! తిరగడం చేతకాదు. ఒకచోట కూర్చుంటాను. ఒకరి జోలికి పోను. మీ గుమ్మం దగ్గర చోటిచ్చారా, ఆ నీలమ్మను ఇటు దిగనివ్వను."

"నిజంగా దిగనివ్వవా?"

"దిగితే నన్నడుగు. కాకపోతే ఈ మూడు రోజులూ అది పెట్టె జోలికి రాకూడదు. గొడవ చేసేవాళ్లనే డాక్టరమ్మ దుకాణానికి పంపేస్తోందని దానికి చెప్పి చూడక్కా."

రేవమ్మ పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదు. ఆరోజు ఆడింది. నీలాలు తెల్లబోయి రాతి సందులోకి దూరి, మూడు రోజులు బయటికి తొంగిచూడలేదు.

ఆ సాయంత్రం తవిటయ్య అడిగాడు. "చెల్లీ, కొత్తవాడు తినేదేమిటో కనుక్కున్నావా?"

"పెట్టెలోకి ఏది వేస్తే అదే తింటున్నాడన్నా."

"నోరెంతుందే?"

"చిన్నదే. ఎప్పుడూ నవ్వుతున్నట్టుంటుంది."

మూసుకున్నప్పుడు ఎవరి నోరైనా చిన్నదిగానే ఉంటుంది. ఆ సంగతి రేవమ్మకు తట్టలేదు.

"నువ్వు చూశావుగా, చాలు," అన్నాడు తవిటయ్య.

నాలుగోరోజు పొద్దున్నే డాక్టరమ్మ పెట్టె మూత తీసింది. ఎర్రయ్య తిన్నగా వచ్చి బొరియకు ఎదురుగా రాయి అంచున కూర్చున్నాడు. నీలాలు ఒకసారి దిగబోయింది. వాడు ముళ్లు విప్పి చూపించగానే వెనక్కి పోయింది. రేవమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"అన్నా, ఇవాళ నింపాదిగా తవ్వుకో. మన ఎర్రయ్యే ఉన్నాడు!"

ఎన్నాళ్లకో తవిటయ్య గుమ్మం దాటి రెండడుగులు బయటికి వచ్చాడు. మీసం ఆమె తోకమీదే ఉంది. రేవమ్మ ఎర్రయ్యతో కబుర్లలో పడింది. వాడు కిందికి వంగడం ఆమె చూడనే చూసింది. మనవాడే కదా అని తోక ఆడించలేదు.

వాడు ఒక్క దూకు దూకాడు. ఆమె తోకమీద మీసం బరువు లేదు.

మళ్లీ రాయెక్కి కూర్చున్న ఎర్రయ్య నోటి చివర ఆ మీసం ఇంకా వేలాడుతోంది.

"ఎంత పని చేశావురా!" అని రేవమ్మ గొల్లున ఏడ్చింది.

"నేనేం అబద్ధమాడానక్కా? తిరగనన్నాను, తిరగలేదు. నీలమ్మను ఆపుతానన్నాను, ఆపాను. అలా కూర్చుని దేనికోసం చూస్తావని నువ్వడగలేదు. పెట్టెలోకి రొయ్య రాలేదు కాబట్టి పెట్టింది తిన్నాను."

మర్నాడు డాక్టరమ్మ తొట్టెలో రొయ్యకోసం వెతికి వెతికి, సంగతి గ్రహించి, వలవేసి ఎర్రయ్యను దుకాణానికి తిరిగి పంపేసింది. పంపితే ఏం లాభం? ఎత్తిపోసేవాళ్లు లేక బొరియ దానంతటదే పూడిపోతోంది. రేవమ్మ నోటితో ఇసుక తీసి పక్కన ఊస్తోంది. తీసిన దానికంటే జారేదే ఎక్కువ.

నీలాలు కాసేపు చూసి కిందికి దిగింది. "నా రాతి కింద ఓ సందుంది. వచ్చి ఉండవే."

"వద్దు వదినా," అంది రేవమ్మ. "అన్నకు చూపు లేదు. చూసి చెప్పాల్సింది నేను. బాగున్నాడని చెప్పాను. నమ్మాడు."

రేవమ్మ మరో నోటెడు ఇసుక తీసింది.

పిల్లలూ, కొత్తవాడికి ఇంట్లో చోటిచ్చేముందు వాడి మాట ఎంత తీపో కాదు, వాడి ఆకలి దేనిమీదో తెలుసుకోండి.