పచ్చికట్టెల దావా

పట్నం మొత్తానికి వంటకట్టెలు అమ్మే గుత్త నాగప్పది. పచ్చికట్టెలు అమ్మొద్దని అంగడి అధికారులు ఉత్తర్వు ఇస్తే, అది చెల్లదని రాజుగారి సభలో దావా వేశాడు.

"పొయ్యన్నాక పొగ రాదా ప్రభూ? ఆడవాళ్ళకది అలవాటే" అన్నాడు.

తీర్పయ్యేదాకా సభ తలుపులు తీయకపోవడం అక్కడి ఆచారం. సాక్ష్యానికొచ్చిన పూటకూళ్ళ తిరుపాలమ్మ, "ఇక్కడే వండుతాను, భోంచేసి తీర్పు చెప్పండి" అంది. రాజుగారు సరేనన్నారు. ఆమె నాగప్ప కట్టెలే ముట్టించింది. సభంతా పొగ కమ్మింది. రాజుగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. నాగప్ప దగ్గుతూ తలుపు దగ్గరికి పరుగెత్తాడు.

"దావా మానుకుంటాను ప్రభూ, ముందు తలుపులు తీయించండి."

"కూర్చోండి బాబూ," అంది తిరుపాలమ్మ, ఊదుగొట్టం అందుకుంటూ. "ఎసరింకా కాగనేలేదు."