నలభై మూడు మంది చూసిన పాఠం

"వచ్చే జూన్ నాటికి ప్రతి సాంఘికశాస్త్ర పాఠానికీ మంచి వీడియోలు, పటాలు, ప్రశ్నలు మీ ఫోన్లలో ఉంటాయి. ఇది నా మాట."

టీచర్ల శిక్షణా తరగతుల చివరి రోజున విద్యాశాఖ సంచాలకులుగారు మైకులో చెప్పిన మాట ఇది. నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను. ఆ జూన్ వచ్చింది, పోయింది. ఇంకో జూన్ కూడా వచ్చింది. శాఖ పోర్టల్ తెరిస్తే ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం దగ్గర ఇప్పటికీ ఒకటే ముక్క: త్వరలో.

విద్య హక్కు, భిక్ష కాదు. స్టాఫ్ రూములో నేను ఈ మాట అనగానే లెక్కల మేడం "మొదలైందయ్యా మీటింగు" అంటూ అన్నం బాక్సు తెరుచుకునేది.

నేను ఊరుకోలేదు. ఏడాదిపాటు నెట్‌లో నేనే వెతికాను. నాలుగు వందల పన్నెండు లింకులు పోగేశాను. బొమ్మ శుభ్రంగా, గొంతు స్పష్టంగా ఉండి, లక్షమంది చూసినవి పచ్చరంగులో పెట్టాను. వెయ్యిమంది కూడా చూడనివి ఎర్రరంగులో పెట్టి పక్కన పడేశాను.

ఇదంతా ఒక పిల్లకిచ్చిన మాట కోసం.

కిందటేడు ఏడో తరగతిలో నీటి వనరుల పాఠానికి ఒక వీడియో చూపించాను. నిండుగా పారే కాలవలు, గట్ల వెంట కొబ్బరిచెట్లు. వెనక బెంచీలోంచి సలోమి చెయ్యెత్తింది. "సార్, ఈళ్ళకి ట్యాంకరు ఎన్ని రోజులకొకసారి వచ్చిద్ది?"

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. "ఉండమ్మా, ఇంకా మంచి వీడియో తెస్తాను. నీ ప్రశ్నకి జవాబు అందులో ఉంటుంది. సోమవారం చూపిస్తా" అన్నాను.

ఆ సోమవారం ఇంకా రాలేదు. సలోమి ఎనిమిదిలోకి వచ్చింది. మళ్ళీ చెయ్యెత్తలేదు. ఆ చెయ్యి కోసం రోజూ వెనక బెంచీ వైపు చూస్తాను. ఆ పిల్ల నోటుబుక్కులో ఏదో రాసుకుంటూ ఉంటుంది.

ఒక ఆదివారం పొద్దున సంచాలకులుగారికి రాసిన అర్జీ పట్టుకుని మార్కాపురం బస్సెక్కాను. పదో తరగతిలో నాకు సోషల్ చెప్పిన దస్తగిరి మాస్టారు అక్కడే ఉంటారు. రిటైరై తొమ్మిదేళ్ళయింది.

"ఏంరా తిరుపాలూ, చేతిలో కాయితం ఉందంటే ఎవరి మీదనో యుద్ధమే!"

"సంచాలకుల మీద సార్. చదవమంటారా?"

నిలబడే చదివాను. జ్ఞానానికి తాళాలు వేసేవాళ్ళని చరిత్ర క్షమించదనీ, మౌనం కూడా నేరమేననీ రాశాను. చివరి వాక్యం ఇంకా గట్టిగా చదివాను: "జూలై 31 లోగా సమాధానం రావాలి."

"బాగుంది. మౌనం నేరమన్నది ఎవరి మాట?"

"తెలీదు సార్. ఒంగోలులో గోడ మీద చూశా."

మాస్టారు నవ్వారు. "ఆ పిల్ల సంగతి ఇందులో లేదే?" అన్నారు. సలోమి గురించి ఆయనకి ఫోనులో ఎప్పుడో చెప్పాను.

"ఇది విధానానికి సంబంధించిన విషయం సార్."

ఆయన లోపలికెళ్ళి పలకా బలపం తెచ్చారు. పలకలకి పేరుపడ్డ మార్కాపురంలో పలకకి కరువేముంది.

"కూర్చో. కాసేపు నువ్వు సలోమివి. నీ పచ్చవాటిలో మొదటిది పెట్టు. చూస్తుంటే ఏదన్నా అడగాలనిపించినప్పుడల్లా ఒక గీత గియ్యి."

పెట్టాను. పన్నెండు లక్షలమంది చూసిన పాఠం. భూగోళం తిరిగింది, సంగీతం మోగింది, గంభీరమైన గొంతు ఎక్కడా ఆగకుండా అన్నీ చెప్పేసింది. పన్నెండు నిమిషాలు.

మాస్టారు పలక చూశారు. దాని మీద ఏమీ లేదు.

"చాలా స్పష్టంగా చెప్పాడు సార్" అన్నాను.

"అవును. ఇప్పుడు ఎర్రవాటిలోంచి ఒకటి."

"అవి పనికిరావు సార్."

"చూశావా?"

"ఎంతమంది చూశారో చూశాను సార్." ఆయన ఫోను తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, నీళ్ళ పాఠాల్లో అట్టడుగున ఉన్నదాన్ని నొక్కారు. చూసినవాళ్ళు నలభై మూడు మంది.

బొమ్మ వణుకుతోంది. ఎక్కడో కోడి కూస్తోంది. బడి వరండాలో పిల్లలు ఇళ్ళనుంచి తెచ్చిన బిందెలు వరసగా పెట్టారు. కనపడని టీచరమ్మ ఒక్కొక్కరినీ అడుగుతోంది. ఈ బిందె ఎవరు మోశారు? ఎంత దూరం? నాన్న ఎప్పుడన్నా మోశాడా? పిల్లలు పకపకా నవ్వారు. చివర్లో ఒకమ్మాయి తెల్ల ప్లాస్టిక్ డబ్బా పెట్టి, "ఇవి కొన్న నీళ్ళు టీచర్" అంది.

"బిందె నీది. డబ్బా ఆమెది. మరి బోరు అడుగున ఉన్న నీళ్ళు ఎవరివి?"

ఎవరూ పలకలేదు. టీచరమ్మా జవాబు చెప్పలేదు. కెమెరా ఆ బిందెల మీదే ఉండిపోయింది.

నా చేతిలో బలపం అరిగిపోయింది. పలక రెండో వైపు తిప్పాను.

చివర టీచరమ్మ ముఖం కనపడింది. నా వయసే ఉంటుంది. చెమట తుడుచుకుంటూ అంది: "ఇది మా ఊరు. మీ ఊళ్ళో నీళ్ళు ఎట్లా వస్తాయో మీ పిల్లలతో ఇట్లాగే తీసి పంపండి. మా పిల్లలు రోజూ అడుగుతున్నారు, ఎవరన్నా పంపారా టీచర్ అని."

కింద తేదీ చూశాను. నాలుగేళ్ళ కిందటిది. దాని కింద ఒక్కరూ ఏమీ రాయలేదు.



మాస్టారు నా అర్జీ అందుకున్నారు. చించేస్తారనుకున్నాను. ఆయన నా జేబులోంచి పెన్ను లాగి, "పంపు. పంపాల్సిందే. ఒక ప్రతి మర్చిపోయావు" అన్నారు. అర్జీ చివర ప్రతులు ఎవరెవరికో రాస్తాం కదా, మండల విద్యాధికారి, జిల్లా విద్యాధికారి, ఉపాధ్యాయ సంఘం కార్యదర్శి. వాళ్ళ కింద ఆయన ఏదో రాసి, కాగితం మడిచి ఇచ్చారు.

వెళ్ళడానికి లేచాను. "పలక తీసుకెళ్ళనా సార్?"

"ఎవరికి?"

"సలోమికి."

"ముందు ఆ గీతలు తుడువు. అవి నీవి."

బస్సులో కాగితం విప్పాను. మాస్టారి గుండ్రటి అక్షరాలు అచ్చం నల్లబల్ల మీద ఉన్నట్టే ఉన్నాయి.

"4. ఎం. తిరుపాలు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు. తగు చర్య నిమిత్తం."

దానికి పైన, నా చేతిరాతలోనే ఉంది: జూలై 31 లోగా సమాధానం రావాలి.