దిగడం నేర్పిన సింగన్న సారు

అనగనగా ఒక అడవి. ఎంత అడవి అనుకున్నారు? ఈ చివర వాన పడితే ఆ చివరి వాళ్లకు వారం తర్వాత కబురందేది! అందులో మద్దిచెట్టు కింద ఒక చిన్న బడి. ఆ బడికి పెద్ద టీచరు ఏనుగు గౌరమ్మ. ఆవిడ ఒక్కసారి దగ్గితే మూడు కొండల అవతల నెమళ్లు మేఘం ఉరిమిందనుకుని పురి విప్పేవి. ఈ చెవులతో విన్నాను కాబట్టి చెబుతున్నాను.

అక్కడే సింగన్న అనే కొండముచ్చు ఉండేవాడు. వాడు దూకితే చూడాలర్రా! పొద్దున కొమ్మ మీంచి ఎగిరితే మధ్యాహ్నానికి గాని నేల మీద వాలేవాడు కాదు. అందరూ మెచ్చుకుని పళ్లు ఇచ్చేవాళ్లు. కానీ సింగన్న మనసు పళ్ల మీద లేదు. మూడేళ్లుగా మద్దికొమ్మకు వేలాడుతూ పాఠాలు వింటున్నాడు. పిల్లలు తనను "సారూ" అని పిలవాలి. అదే వాడి కోరిక.

ఒకరోజు ధైర్యం చేసి గౌరమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఒకటో తరగతికి నన్ను సారుగా పెట్టుకోండి."

పైనున్న కొండముచ్చులు పకపకా నవ్వాయి. "ఒరేయ్ సింగా, ఒక్కచోట కూర్చోవడమే రాదు నీకు. నువ్వు సారువా!"

గౌరమ్మ మాత్రం నవ్వలేదు. "రేపు ఒక్కరోజు పాఠం చెప్పు. సాయంత్రం పదిమంది పిల్లలూ క్షేమంగా ఇళ్లు చేరితే ఉద్యోగం నీదే. చేరకపోతే మళ్లీ ఈ చెట్టు దగ్గరికి రావద్దు."

"అంతేనా అమ్మా!" అన్నాడు సింగన్న.

అంతేనట!

మర్నాడు "ఇసుకలో అక్షరాలు దిద్దండి" అన్నాడు. పందిపిల్ల బొద్దు ఆ ఇసుకలో పొర్లాడు. "పాట పాడదాం" అన్నాడు. నక్కపిల్లలిద్దరూ ఒకరి తోక ఒకరు కొరుక్కున్నారు. "పోనీ, కథ చెబుతాను" అన్నాడు. కుందేలుపిల్ల బుల్లి గుర్రు పెట్టింది.

సింగన్నకు ఒళ్లు మండింది. "ఇటు చూడండర్రా!" అని బడి పక్కనే వాగు మీదికి వాలిన నేరేడు చెట్టెక్కాడు. కొమ్మ చివరి నుంచి ఒక్క దూకు! అవతలి గట్టున వాలాడు.

పది నోళ్లు తెరుచుకున్నాయి. ఈగలు లోపలికి వెళ్లి, అంతా చూసి, తిరిగొచ్చాయి!

"మళ్లీ సారూ! ఇంకొక్కసారి సారూ!"

సారూ! ఆ మాట చెవిన పడ్డాక సింగన్న ఆగుతాడా? మూడుసార్లు దూకాడు. చివరికి, "మీరు మాత్రం ఇలా చేయకూడదు, తెలిసిందా?" అన్నాడు.

"తెలిసింది సారూ!" అన్నారు పిల్లలు. ఎంత బుద్ధిగా అన్నారో!

మధ్యాహ్నం సింగన్న నాలుగు చిగుళ్లు నమిలి, నీళ్లు తాగి వచ్చాడు. చూస్తే బడి ఖాళీ!

"సారూ, పైకి చూడండి!"

తలెత్తాడు. బాబోయ్! నేరేడు కొమ్మ మీద పదిమందీ వరసగా! కింద వాగు రాళ్లను దొర్లించుకుపోతోంది. కొమ్మ చివర బుల్లి. ఆ వెనక బొద్దు. అందరికీ వెనక తాబేలుపిల్ల డిప్పడు! తాబేలు చెట్టెలా ఎక్కాడని నన్నడక్కండి. ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

"దిగండి!" అని అరిచాడు సింగన్న. ఒక్కరూ కదల్లేదు. "దిగుతారా లేదా!" అన్నాడు. బుల్లి ఒకడుగు ముందుకేసింది. "వద్దర్రా!" అని గుండెలు బాదుకున్నాడు. కొమ్మ మీద పదిమందీ గుండెలు బాదుకున్నారు! కొమ్మ ఊగింది.

సింగన్న కొయ్యబారిపోయాడు. పొద్దుటి నుంచీ తను చెప్పింది వీళ్లు ఒక్కటీ వినలేదు. చేసింది ఒక్కటీ వదల్లేదు.

అరుపులకు గౌరమ్మ పరుగున వచ్చింది. తొండం చాచింది, అందలేదు. తల్లులు వచ్చారు. కొండముచ్చులూ వచ్చాయి. సింగన్న ఎగిరి ఒకరిని పట్టుకోగలడు. కానీ వాడు ఎగిరితే మిగతా తొమ్మిది మందీ ఎగురుతారు!

అందుకే ఎగరలేదు. చెట్టెక్కి, డిప్పణ్ణి వీపు మీద వేసుకున్నాడు. పిల్లల వైపు తిరిగి, పొట్టను కొమ్మకు ఆనించాడు. వెనక్కి ఒక కాలు జరిపాడు. ఆగాడు. గట్టిగా పట్టుకున్నాడు. ఇంకో కాలు జరిపాడు.

"చూడండర్రా, మన సింగడు బల్లిలా పాకుతున్నాడు!" అని కొండముచ్చులు విరగబడి నవ్వాయి.

సింగన్న చెవులు ఎర్రబడ్డాయి. అయినా తొందరపడలేదు. కాలు జరపడం, ఆగడం, పట్టుకోవడం.

కొమ్మ మీద బొద్దు పొట్ట ఆనించాడు. నక్కపిల్లలు ఆనించారు. అందరూ వెనక్కి పాకడం మొదలుపెట్టారు. చివరున్న బుల్లికి కాలు జారింది! అడవంతా "అయ్యో!" అంది. బుల్లి అచ్చం సారులాగే ఆగింది. గట్టిగా పట్టుకుంది. మళ్లీ కదిలింది.

పదిమందీ నేల మీదికి వచ్చాకే అడవి ఊపిరి పీల్చుకుంది. ఆ గాలికి నేరేడు ఆకులన్నీ రాలిపోయాయి!

సింగన్న తల దించుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. దూకి చూపించింది నేనే. ఈ ఉద్యోగానికి నేను పనికిరాను. వెళ్లిపోతాను."

"పొద్దున నీ గొప్ప చూపించావు. ఇప్పుడు వాళ్లకు చేతనైనది చూపించావు" అంది గౌరమ్మ. "ఇంకా సాయంత్రం కాలేదు. తరగతి మధ్యలో వదిలేసి ఎక్కడికి, సారూ?"

ఆ సాయంత్రం పదిమందీ క్షేమంగా ఇళ్లు చేరారు. ఎలా అనుకున్నారు? పొట్టలు నేలకు ఆనించి, వెనక్కి పాక్కుంటూ! తల్లులు నోళ్లు వెళ్లబెట్టారు.

నీతి: పసిపిల్లలు మనం చెప్పింది కాదు, చేసింది నేర్చుకుంటారు, అందుకే వాళ్ల ముందు మన గొప్ప చూపించకూడదు, వాళ్లకు మేలు చేసేదే చేసి చూపించాలి.