సీసపు రేకు మీద పేర్లు

అడిగిన ప్రశ్నకు ఉన్నచోటే జవాబు చెప్పే అలవాటు భుజంగరావు మాస్టారికి లేదు. అడిగినవాళ్లను వెంటబెట్టుకుని ఎక్కడికో బయల్దేరతారు. ఆయన దగ్గర చరిత్ర చదువుకునే పిల్లలకు ఈ సంగతి తెలుసు గనక, కాళ్ల నొప్పులున్న రోజున ఆయన్ను ఏమీ అడగరు.

రత్నమాల ఆ రోజు కాళ్ల సంగతి చూసుకునే స్థితిలో లేదు. ఒంటికి కారం రాసుకున్నట్టు మండిపోతోంది. మాస్టారి వెంట తోటి విద్యార్థులతో కలిసి ఆంధ్ర నుంచి ఇంగ్లండు దాకా వచ్చింది. రోమన్ల నాటి స్నానశాల శిథిలాల్లో పన్నెండు రోజులు చలికి వణుకుతూ గోడగోడకూ కొలతలు తీసి, ఒక పుస్తకంలో బొమ్మలు గీసుకుంది. ఆ పుస్తకం నిన్న బసలో మాయమైంది. అది లేకపోతే పరిశోధన పత్రం లేదు, పత్రం లేకపోతే పట్టా లేదు. గదిలో ఆమెతో పాటు ఉన్నది ఐదుగురు. ఐదుగురి పేర్లూ రాసి ఫిర్యాదు సిద్ధం చేసింది. పేరు పడ్డవాళ్లను ఆ రోజే వెనక్కి పంపేస్తారు. పంపితే పంపనీ, పీడ విరగడవుతుంది అనుకుంది.

"నా కోపంలో తప్పేముంది మాస్టారూ? నా కడుపు కొట్టింది వాళ్లలో ఎవత్తో ఒకత్తే కదా!" అంటూ ఫిర్యాదు కాగితం అందించబోయింది.

మాస్టారు అందుకోలేదు. శిథిలాల పక్కనున్న ప్రదర్శనశాలలోకి నడిచారు. ఆమె రుసరుసలాడుతూ వెనకే వెళ్లింది. అద్దం వెనక అరచేతిలో సగమంత సీసపు రేకు ఉంది. ఆ కాలంలో వస్తువు పోగొట్టుకున్నవాళ్లు దొంగను శపిస్తూ ఇలాంటి రేకు మీద గీకి, దేవత ఉండే ఊటనీటిలో పడేసేవాళ్లట. కింద దాని అర్థం రాసి పెట్టారు.

"చదువు. గట్టిగా" అన్నారు మాస్టారు.

"నా శాలువా ఎత్తుకుపోయినవాడికి కంటిమీద కునుకు లేకుండా పోవాలి. వాడి వంశం నాశనమైపోవాలి."

రత్నమాలకు ప్రాణం లేచొచ్చింది. మనవాళ్లు వీధిలో నిలబడి మెటికలు విరిచినట్టే ఉంది. "బాగా బుద్ధి చెప్పాడు!" అంది.

"కింద పేర్లున్నాయి. అవీ చదువు."

ఆరు పేర్లు. అందులో ఒకటి ఆడమనిషిది, ఒకటి బానిసది.

"పోయిన శాలువాలెన్ని?"

"ఒకటే."

"తీసిందెవరు?"

"అది రాయలేదు మాస్టారూ. రాసినవాడికీ తెలియదనుకుంటా."

ఆ మాట అనేశాక రత్నమాల తన చేతుల వైపు చూసుకుంది. వాటికున్న ఉన్ని తొడుగులు గదిలో తనతో ఉండే ఇందుమతివి. పొద్దున పుస్తకం కోసం బయటంతా వెతుకుతుంటే వేళ్లు కొంకర్లు పోయాయని తనవి తీసి తొడిగింది. ఫిర్యాదులో మూడో పేరు ఆమెదే. రత్నమాలకు కోపం తగ్గలేదు సరికదా, ఎవరి మీద చూపించాలో తెలియక రెట్టింపైంది.

"అయితే దొంగను వదిలెయ్యమంటారా?" అని అరిచింది. చుట్టూ ఉన్న జనం తిరిగి చూశారు.

"వదలమని నేనెప్పుడన్నానమ్మా?" మాస్టారు జేబులోంచి కలం తీసి ఆమె చేతిలో పెట్టారు. "ఇవ్వు, తీసుకుంటాను. తియ్యని నలుగురి పేర్లూ కొట్టేసి ఇవ్వు."