మూడు గుర్తుల వెదురు గొట్టం

అనగనగా ఒక అడవిలో, వాగు ఎండితే గానీ ఒకరికొకరు గుర్తురాని జంతువులు ఉండేవి. వానాకాలమంతా ఎవరి దారి వారిదే. ఎండలు ముదిరి వాగులో ఇసుక తేలగానే అందరికీ చుట్టరికాలు గుర్తొచ్చేవి. ఎందుకంటే, తాగడానికి నీళ్ళు కావాలంటే ఇసుకలో చెలమ తవ్వుకోవాలి. లోతైన చెలమ తవ్వడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకని చెలమ సంఘం పెట్టుకున్నారు. ఇసుక తోడిన ప్రతి ప్రాణికీ అందులో చోటుంది.

చెలమ దగ్గర కాపలా తీతువు పిట్టది. మన ఊళ్ళో తీతువు అరిస్తే అపశకునం అంటారు చూడండి, అడవిలో మాత్రం దాని అరుపే అందరికీ ప్రాణరక్ష. చిరుత కనిపించగానే అది అరిచేది, నీళ్ళు తాగుతున్నవాళ్ళంతా పరుగెత్తేవాళ్ళు. దాని గూడు కూడా చెలమ పక్కన ఇసుకలోనే ఉండేది. ఆ ఏడు అందులో నాలుగు గుడ్లున్నాయి.

సంఘం రాతకోతలు చూసేది ఒక ముళ్ళపంది. దాన్ని అందరూ గంటాలవ్వ అనేవారు. తాటాకు మీద రాయడానికి గంటం కావాలి కదా, అవ్వ ఒంటినిండా గంటాలే. రాలిన ముల్లొకటి తీసుకుని గీకేది. అందరి ముందు జరిగిన సమావేశమైతే ఆ ఆకును కొమ్మకు కట్టేది, ఎవరైనా చదువుకోవచ్చు. తలుపు మూసి మాట్లాడుకున్న సమావేశమైతే ఆకును వెదురు గొట్టంలో పెట్టి, మూతికి తుమ్మజిగురు పూసేది. రాసే అవ్వ తప్ప లోపల కూర్చున్నవాళ్ళంతా ఆ జిగురు మీద తమ గుర్తు వేసేవాళ్ళు. మళ్ళీ వాళ్ళందరూ సరేనంటేనే ఆ గొట్టం తెరవాలి. అదీ కట్టుబాటు.

ఒకరోజు తీతువు సంఘం పెద్దయిన కణుజు జింక దగ్గరకొచ్చి, ఒంటరిగా మాట్లాడాలని అడిగింది. కణుజు, దాని తోడు పెద్దయిన కొండముచ్చు, తీతువు, రాయడానికి గంటాలవ్వ, ఈ నలుగురే అవ్వ గుహలో కూర్చున్నారు. తన ఎడమ కన్ను మసకబారిందని తీతువు చెప్పింది. ఇంకెవరినైనా కాపలా పెట్టుకోమంది, చెబుతూ చెబుతూ ఏడ్చింది. పెద్దలిద్దరూ ఆలోచించి, నీలాంటి గొంతు ఇంకెవరికుంది, నువ్వే ఉండు అన్నారు. ఎడమవైపు చూసే బాధ్యత కొండముచ్చు తీసుకుంది. ఈ సంగతి బయటికి పొక్కితే చిరుత చెవిన పడుతుంది కాబట్టి గుట్టుగా ఉంచాలనుకున్నారు.

గంటాలవ్వ మూడే మూడు మాటలు రాసింది. తీతువు తనంతట తానే వచ్చి చెప్పింది. ఉండమన్నది పెద్దలే. ఎడమవైపు కాపలా కొండముచ్చుది. తీతువు ఏడ్చిందని మాత్రం రాయలేదు. అది సంఘానికి పనికొచ్చే మాట కాదు. రాసింది చదివి వినిపించి, గొట్టానికి జిగురు పూసింది. కణుజు గిట్ట, కొండముచ్చు చెయ్యి, తీతువు కాలు, మూడు గుర్తులూ పడ్డాయి.

తీతువు కళ్ళు తుడుచుకుంటూ బయటికి రావడం ముంగిస చూసింది. ముంగిసకు ఒక బామ్మర్ది ఉన్నాడు. పనీపాటా లేని ఆ బామ్మర్దిని కాపలా పనిలో పెట్టాలని దాని ఆశ. గొట్టంలో తీతువు తప్పేదైనా దొరికితే ఆ పని ఖాళీ అవుతుందనుకుంది.

మర్నాడే నాలుగు తియ్యటి దుంపలు పట్టుకుని అవ్వ గుహకు వెళ్ళింది. ఎండల గురించి, దుంపల రుచి గురించి చాలాసేపు మాట్లాడింది. అవ్వ నవ్వి, "చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు నాయనా" అంది. ముంగిస అప్పుడు గొట్టం సంగతి ఎత్తింది. అవ్వ దుంపలను వాసన చూసింది. దుంపలంటే దానికి ప్రాణం. అయినా మళ్ళీ ముంగిస ముందుకే తోసేసింది.

రెండోసారి ముంగిస హక్కు గురించి మాట్లాడింది. తానూ ఇసుక తోడానని, సంఘం అంటే అందరిదీ అని, సభ్యుడికి తెలియకూడని రాత ఏముంటుందని నిలదీసింది. ఈ మాటకు అవ్వ కాసేపు ఆలోచించింది. అందులో నిజం లేకపోలేదు మరి.

"అందరి ముందు చేసిన తీర్మానాలన్నీ కొమ్మకు కట్టే ఉన్నాయి, అవి నీవే" అంది అవ్వ. "ఒకరి బాధ మాత్రం వారిదే. నిరుడు నువ్వూ తలుపు మూసి ఒక మాట చెప్పుకున్నావు. ఆ గొట్టం కూడా ఇక్కడే ఉంది. దాన్ని ఎవరికైనా చూపించమంటావా?"

ముంగిస వెనుదిరిగి వెళ్ళిపోయింది. కానీ ఊరుకుందా? మూడోసారి వచ్చి బెదిరించింది. చూపించకపోతే, రాతలు దాచి మోసం చేస్తోందని అడవంతా చెబుతానంది. చెప్పుకోమంది అవ్వ. ముంగిస చెప్పనే చెప్పింది. నిప్పు లేనిదే పొగ రాదని అందరూ తలలూపారు. చెలమ దగ్గర అవ్వను పలకరించేవాళ్ళే కరువయ్యారు. గంటాలవ్వకు చాలా బాధ వేసింది. ఒక్కసారి ఆ మూత తీస్తే అందరి నోళ్ళూ మూతపడతాయి. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా గొట్టాన్ని ఇంకాస్త లోపలికి జరిపి పడుకునేది.

ఇంతలో విప్పపూలు రాలే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం కొండముచ్చు ఆ వాసనకు ఆగలేక కాపలా వదిలి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే చిరుత ఎడమవైపు నుంచి వచ్చింది. దుప్పిపిల్ల చెవి చీరుకుపోయింది. ప్రాణం దక్కడమే గొప్ప.

సంఘమంతా చేరింది. చిరుత అంత దగ్గరికొచ్చినా ఎందుకు అరవలేదని నిలదీస్తే, తీతువుకు ఎడమ కన్ను కనిపించదని అందరికీ తెలిసిపోయింది. కళ్ళు లేవని దాచి మనల్ని మోసం చేసింది, వాగు నుంచి వెళ్ళగొట్టాలి అంది ముంగిస. తాను దాచలేదని, పెద్దలకు చెప్పానని తీతువు మొత్తుకుంది. కణుజుకు వయసు మీదపడింది, ఏదో అనుకున్నట్టుంది గానీ సరిగా గుర్తు లేదంది. కొండముచ్చు భయపడి, తనకేమీ తెలియదనేసింది. తీతువు తన నాలుగు గుడ్ల వైపు చూసింది. అవి పిల్లలు కావడానికి ఇంకా పది రోజులు పడుతుంది. ఇప్పుడు వెళ్ళగొడితే అవి ఎండకు ఉడికిపోతాయి.

అప్పుడు గంటాలవ్వ లేచింది. అందులో ఏముందో తాను చెప్పనని, గుర్తులు వేసిన ముగ్గురూ సరేనంటే గొట్టం తెస్తానని అంది. "చిరుతకే తెలిసిపోయాక నాకింక దాపరికం ఏముంది, తెరవండి" అంది తీతువు. కణుజు సరేనంది. అందరూ తన వైపే చూస్తుంటే కొండముచ్చు కూడా తలూపక తప్పలేదు.

గొట్టం వచ్చింది. గుంపులోంచి ఎవరో, ఇది నిన్న రాసి పెట్టింది కాదని నమ్మకమేమిటని అడిగారు. జిగురును పరీక్షించమని గంటాలవ్వ ముంగిస చేతికే ఇచ్చింది. అడవిలో దాని ముక్కును మించిన ముక్కు లేదు. ముంగిస అటూ ఇటూ తిప్పి వాసన చూసింది. ఎంత కాదన్నా అది తిన్నగా నిజం చెప్పగల జీవే, ఆశ దాన్ని ఆడించింది అంతే.

"జిగురు పాతదే, ఎవరూ తెరవలేదు" అంది చివరికి. "మూడుసార్లు నేనే వెళ్ళి అడిగాను. దుంపలిచ్చాను, బెదిరించాను. నాకే చూపించలేదు. ఇందులో ఏముంటే అదే నిజం."

ఆకు విప్పి చదివారు. మూడే మాటలు. కొండముచ్చు తల దించుకుని, తప్పు నాదే అని ఒప్పుకుంది. దుప్పిపిల్ల తల్లి తీతువు దగ్గరకొచ్చి క్షమించమంది. తీతువు చెలమ దగ్గరే ఉండిపోయింది. ఎడమవైపు కాపలా ఈసారి ముంగిస బామ్మర్దికి దక్కింది. పనిలో పడ్డాక వాడూ బాగుపడ్డాడు.

పది రోజులకు గుడ్లు పగిలి నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. తీతువు వాటిని వెంటబెట్టుకుని గుహకు వచ్చింది. "అవ్వా, నా ఏడుపు నువ్వు రాయలేదు. నా మాట పోనివ్వలేదు. ఈ పిల్లలు నీ చలవే" అంది. అవ్వకు కళ్ళు చెమర్చాయి. నమ్మి చెప్పుకున్నావు, అదే నాకు పదివేలు అంది.

వాళ్ళు వెళ్ళాక ముంగిస వచ్చింది. చేతిలో నాలుగు దుంపలు. నిరుటి నా మాట ఇన్నాళ్ళూ కడుపులో దాచినందుకు, అంటూ వాటిని అక్కడ పెట్టింది. ఏమీ అడగలేదు.

ఈసారి గంటాలవ్వ నాలుగూ తినేసింది.

నీతి: నమ్మి చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాసి గుట్టుగా దాచేవారే, అవసరం వచ్చిన రోజు ఆ మాటకు ప్రాణం పోయగలరు.